పాత కారుకు ప్రాణం వచ్చింది సరే... పాత నంబరు మాటేమిటి?

ప్రొద్దుటూరు: కొట్టంలో ఎనుముల పక్కన ఇరవై ముప్పై ఏళ్లుగా మూలనపడి వున్న అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టి పట్నానికి లాక్కొస్తారు. ఇంజను విప్పుతారు. బ్రేకులు, వైరింగు కొత్తవి వేస్తారు. తుప్పు తిన్న అడుగు రేకులు కోసి టింకరింగు చేయిస్తారు. రంగు వేయిస్తారు. సీట్లకు కొత్త గుడ్డ తొడిగిస్తారు. లక్షలు ఖర్చవుతాయి. తీరా కారును రోడ్డెక్కించే రోజున ఎవరో ఒకరు అడుగుతారు: "ఆర్‌సీ ఏదన్నా?" అసలు రిపేరు అప్పుడు మొదలవుతుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో పాత బండ్లకు కొదవ లేదు. అంబాసిడర్లు, ఫియట్లు, మహీంద్రా జీపులు ఒకప్పుడు మోతుబరి ఇళ్ల ముందర నిలిచినవే. మన సీమ జీపు సినిమాల్లో కనబడితే బాంబు పేలుతుంది గానీ, నిజానికి అది మోసింది శెనక్కాయ మూటలను, పెళ్లివారిని, అర్ధరాత్రి కాన్పు కోసం ఆసుపత్రికి పోయే ఆడవాళ్లను. అలాంటి బండిని తుక్కుకు వేయడానికి మనసొప్పక బాగు చేయించుకునేవారిని తప్పు పట్టవలసిన పని లేదు. అయితే వీరిలో చాలామంది ముందు చేయవలసిన పనిని చివర చేస్తున్నారు. బండికి స్పానరు తగిలించక ముందే వెతకవలసింది పాత నంబరు.

నంబరు లేకపోతే కొత్త నంబరు తీసుకుంటే పోలేదా అని కొందరికి సందేహం రావచ్చు. అది జరిగే పని కాదు. కొత్తగా రిజిస్టరు కావాలంటే అమ్మిన డీలరు ఇచ్చే ఫారం 21, తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఫారం 22 వుండాలి. అంబాసిడర్ తయారీయే 2014 మే నెలలో ఆగిపోయింది. యాభై ఏళ్ల నాటి బండికి ఇప్పుడు ఆ కాగితాలు ఇచ్చేవారెవరు? కాబట్టి పాత నంబరు దొరికితే అది కారు. దొరకకపోతే రంగు వేసిన ఇనుము. రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డు మీద నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షను కింద మొదటిసారికే 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. రెండోసారికి జైలు కూడా వుంది. ఇక ఏదైనా ప్రమాదం జరిగితే నష్టపరిహారం మొత్తం ఇంటి మీదకు, పొలం మీదకు వస్తుంది.

పలక మీది అక్షరాలు ఏం చెబుతాయి?

పాత నంబరు పలక బండి పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. మద్రాసు రాష్ట్రపు బండ్ల నంబర్లు 'ఎం' అక్షరంతో మొదలయ్యేవి. మన రాష్ట్రం వచ్చాక 'ఎ'తో మొదలయ్యే మూడక్షరాల వరుసలు నడిచాయి. 1988 నాటి చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాక జిల్లాకొక అంకె వచ్చింది. కడపకు వచ్చింది ఎ.పి.04. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఎ.పి.39 వరుస మొదలుపెట్టారు. కొత్త వరుస వచ్చినంత మాత్రాన పాత మూడక్షరాల నంబరు చెల్లకుండా పోలేదు. ఆ మూడక్షరాల పలక కోసమే కదా ఇంత తాపత్రయం!

మచ్చుకు ఒక కారును అనుకుందాం. 1972లో కడపలో రిజిస్టరయిన అంబాసిడర్ మార్క్-2. జమ్మలమడుగు దగ్గర ఒక రైతు కొన్నాడు. ఆయన పోయాడు. కొడుకులు వేరుపడ్డారు. కారు పెద్దకొడుకు కొట్టంలో ఆగిపోయింది. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మనుమడు "మా జేజినాయన కారు, బాగు చేయించాల్సిందే" అని వచ్చాడు. పలక ఏనాడో వూడిపోయింది. ఆర్‌సీ పుస్తకం చెదలు తిన్నది. నంబరు ఎవరికీ గుర్తు లేదు. ఏం చేయాలి?

ముందు జేజిని అడగాలి. ఇది వేళాకోళం కాదు. ఇంటి మొదటి కారు నంబరు ఆ ఇంటి ఆడవాళ్లకు గుర్తున్నట్టు మగవాళ్లకు వుండదు. తరువాత పెళ్లి ఫొటోలు తీయించాలి. పూలదండలు కట్టిన కారు ముందర పెళ్లికొడుకు నిలబడి దిగిన ఫొటోలో నంబరు స్పష్టంగా కనబడుతుంది. ఆ పెళ్లి మన ఇంట్లోది కాకపోవచ్చు. కారును అడిగి తీసుకుపోయిన బంధువుల ఇంట్లోదీ కావచ్చు. కాబట్టి నాలుగు ఇండ్లు తిరగాలి. ట్రంకు పెట్టె అడుగున రోడ్డు ట్యాక్సు రసీదులు, అద్దానికి అంటించే ట్యాక్సు టోకెన్లు, ఇన్సూరెన్సు కాగితాలు వుంటాయేమో చూడాలి. అన్నదమ్ములు రిజిస్టరు చేయించుకున్న భాగపరిష్కార దస్తావేజులో పొలాలు, బావులు, ఎద్దులతో పాటు కారును కూడా నంబరుతో సహా రాసుకుని వుండవచ్చు. దస్తావేజు పోయినా దాని నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. కారు ఎప్పుడైనా ప్రమాదం కేసులో ఇరుక్కుని వుంటే కోర్టు తీర్పులోనూ నంబరు వుంటుంది. ఆనాడు పీడ అనుకున్న కేసు ఈనాడు ఆధారమవుతుంది.

ఎమరీ కాగితం పట్టేముందు...

రెండో ఆధారం బండి మీదే వుంది. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. రవాణా శాఖ వారు కాగితాల్లోని నంబరును బండి మీద కొట్టిన నంబరుతో సరిచూసిన తరువాతే మరో మాట మాట్లాడతారు. రెండూ కలవకపోతే ఎంత మంచి ఆర్‌సీ అయినా పనికిరాదు.

పాత బండ్లకు ఎక్కువ చేటు జరిగేది ఇక్కడే. తుప్పు వదిలించడానికి ఎమరీ కాగితంతో, గ్రైండరుతో రుద్దుతారు. కంపెనీ పలకను "తుప్పు పట్టిందిలే" అని పీకి చెత్తలో వేస్తారు. నంబరు వున్న చోటి రేకును కోసి కొత్త రేకు అతుకుతారు. టింకరింగు మేస్త్రీ చేసేది రేకు పని. నంబరును కాపాడుకోవలసింది యజమాని. షెడ్డుకు ఇచ్చేముందే నంబరు మీద పల్చటి తెల్ల కాగితం పెట్టి, పెన్సిలుతో అడ్డంగా గీకితే అచ్చు పడుతుంది. రవాణా కార్యాలయంలో అడిగే పెన్సిల్ ప్రింటు ఇదే. రెండు మూడు కాపీలు తీసి, ఫొటోలు కూడా తీసి పెట్టుకోవాలి. దీనికి ఖర్చు రూపాయి కూడా కాదు.

మరొక చిక్కు ఇంజనుది. పెట్రోలు ధర పెరిగిన రోజుల్లో మన ప్రాంతంలో అంబాసిడర్లకు, జీపులకు పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజన్లు బిగించుకున్నారు. మద్రాసు సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ ఇంజను, మెటడార్ ఇంజను ఆ రోజుల్లో ప్రసిద్ధి. ఆర్‌సీలో ఒక ఇంజను నంబరు, బానెట్ కింద మరొక నంబరు. ఆనాడే అనుమతి తీసుకుని ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకున్నవారికి ఫరవాలేదు. ఎక్కించుకోనివారికి తలనొప్పే. ఆ రోజు తీసేసిన పెట్రోలు ఇంజను కొట్టంలో ఏ మూలనో పడివుంటే పారేయకండి. దాని విలువ ఇప్పుడు తూకం లెక్కలో లేదు.

బీరువాలో వున్న పాత పుస్తకం

నంబరు తెలిసింది, బండి మీది అంకెలు దొరికాయి. ఇక కార్యాలయం. మన రాష్ట్రంలో 2000 సంవత్సరం ప్రాంతంలో కంప్యూటర్లు వచ్చేవరకు రిజిస్ట్రేషన్లన్నీ చేతిరాత పుస్తకాల్లోనే వుండేవి. కంప్యూటరులో నంబరు కొట్టి చూసి "రికార్డు లేదు" అని చెబితే, బండి లేనట్టు కాదు. అప్పటి పుస్తకం నుంచి కంప్యూటరుకు ఎక్కలేదని అర్థం. పాత రిజిస్టరు చూసి వివరాలు కంప్యూటరులోకి ఎక్కించే ఏర్పాటు వుంది. దీన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. 1972 నాటి కారు కడపలో రిజిస్టరయింది కనుక ప్రొద్దుటూరు కార్యాలయంలో అడిగినా చివరకు కడప రికార్డులు చూడవలసిందే.

నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టి, ఫలానా నంబరు బండి తాలూకు రిజిస్టరు నకలు కావాలని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రమాదం కేసులు నడిపిన వకీళ్లకు 'బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్' అంటే ఏమిటో బాగా తెలుసు. ఆ నకలులో యజమాని పేరు, ఛాసిస్, ఇంజను నంబర్లు వుంటాయి. ఒకవేళ పుస్తకం దొరకలేదన్నా, ఆ మాటనే కాగితం మీద తీసుకోవాలి. పై అధికారికి చెప్పుకోవాలన్నా, కోర్టుకు పోవాలన్నా అదే ఆధారం.

రికార్డు దొరికితే సగం గట్టెక్కినట్టు. ఆర్‌సీ పోయినందుకు పోలీసు స్టేషనులో తెలియజేసి, ఫారం 26తో డూప్లికేటు కోసం దరఖాస్తు చేయాలి. యజమాని చనిపోయాడు కనుక ఫారం 31. దానికి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. వారసులందరి సమ్మతి కావాలి. పొలం పంచుకున్న రోజున కారును ఎవరూ లెక్కలోకి తీసుకుని వుండరు. రంగు వేసి మెరిసిన తరువాత చిన్నాయనకూ గుర్తొస్తుంది, మేనత్తకూ గుర్తొస్తుంది. సంతకాలు రంగు వేయక ముందే పెట్టించుకోవడం తెలివైన పని.

కారును అప్పు మీద కొని వుంటే ఫైనాన్సు కంపెనీ పేరు ఆర్‌సీలో ఎక్కి వుంటుంది. అప్పు ఎప్పుడో తీరిపోయింది గానీ పేరు కొట్టివేయించుకోలేదు. దానికి కంపెనీ సంతకంతో ఫారం 35 కావాలి. కంపెనీ ఇంకా నడుస్తూ వుంటే ఒక ఉత్తరంతో పని అవుతుంది. మూతపడి వుంటే ఎన్ని నెలలు తిరగాలో చెప్పలేము.

వింటేజి నంబరు మనకు పనికివస్తుందా?

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లు, మోటారు సైకిళ్లు వీటి కిందకు వస్తాయి. పాత నంబరు వున్న బండి ఆ నంబరునే వుంచుకోవచ్చు. కొత్తగా నంబరు ఇవ్వవలసిన బండికి 'వి.ఎ.' అక్షరాలున్న వరుస ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు. పదేళ్లకు చెల్లుతుంది. తరువాత తిరిగి రిజిస్టరు చేయించుకోవడానికి 5,000. దరఖాస్తు చేసిన 60 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలని నిబంధన.

ఈ మాట విన్న పలువురు "ఇక పాత కాగితాలతో పని లేదు" అనుకుంటున్నారు. అది పొరపాటు. ఇంతకు ముందు రిజిస్టరయిన బండి అయితే ఆ పాత ఆర్‌సీనే అడుగుతారు. విదేశం నుంచి దిగుమతి చేసుకున్నదయితే కస్టమ్స్ కాగితం అడుగుతారు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి వుండకూడదు. అంటే డీజిల్ ఇంజను బిగించిన బండికి ఆ తలుపు మూసినట్టే.

అంతకంటె ముఖ్యమైనది వాడకం సంగతి. వింటేజిగా రిజిస్టరయిన బండిని రోజూ తిప్పకూడదు, బాడుగకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, రిపేరుకు, పెట్రోలు పట్టించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కించాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము నాటి రోల్స్ రాయిస్ వుంది. కోయంబత్తూరులో జి.డి.నాయుడు కుటుంబం వారి కార్ల మ్యూజియం 2015 నుంచి నడుస్తున్నది. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించిన తెలుగు కుటుంబపు బిడ్డ ఆయన. ఇలా చూసి మురిసే బండ్లకు వింటేజి నిబంధన చక్కగా సరిపోతుంది. మనవాళ్లకు కావలసింది అది కాదు. జేజినాయన కారులో మైలవరానికి పెళ్లికి పోవాలి, గండికోటకు చుట్టాలను తీసుకుపోవాలి. వారికి మామూలు రిజిస్ట్రేషను పొడిగింపే దారి.

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకు చెల్లుతుంది. తరువాత బండిని తనిఖీ చేయించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటితే తుక్కే అనే ప్రచారం మన దగ్గర సొంత బండ్లకు వర్తించదు. ఢిల్లీ ప్రాంతంలో కాలుష్యం గురించి కోర్టులు ఇచ్చిన ఆదేశాలు చూసి ఇక్కడివారు అమ్ముకున్న సందర్భాలూ వున్నాయి. అయితే ఖర్చు పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల పొడిగింపు రుసుము 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మోటారు సైకిలుకు 2,000. గడువు దాటిన తరువాత ఆలస్యానికి కారుకు నెలకు 500 అదనం. ఏడాదికి 6,000 అన్నమాట. ఏళ్ల తరబడి కొట్టంలో వున్న బండికి ఈ లెక్క ఎప్పటినుంచి కడతారో టింకరింగుకు ముందే కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. దీనికి తోడు గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు వున్నాయి.

ఇంగ్లండులో ఇదే గొడవ

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో 1904 జనవరి నుంచి కార్లకు నంబర్లు వచ్చాయి. రిజిస్టర్లు కౌంటీ కౌన్సిళ్ల దగ్గర వుండేవి. 1974 నుంచి ఆ పనిని స్వాన్సీ పట్టణంలోని కంప్యూటరు కేంద్రానికి మార్చారు. పాత బండ్లవారు తమ నంబర్లను కంప్యూటరులో ఎక్కించుకోవడానికి 1983 నవంబరు దాకా గడువు పెట్టారు. కొట్టాల్లో బండ్లు పెట్టుకుని ఆ గడువు సంగతే తెలియనివారు అక్కడా వేలకు వేలు. గోల చేశారు. దరిమిలా వారికొక దారి చూపించారు. పాత లాగ్ బుక్కో, కౌంటీ రిజిస్టరు నకలో చూపించి, పాత కార్ల క్లబ్బు వారు బండిని పరిశీలించి సరేనంటే అసలు నంబరు తిరిగి ఇస్తారు. అలా తిరిగి వచ్చిన నంబరును విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు. కారుతోనే వుండాలి.

అక్కడ కౌన్సిళ్లు వదిలేసిన రిజిస్టర్లలో కొన్ని తగలబడ్డాయి, కొన్ని చెత్తలో పోయాయి. మిగిలినవాటిని జిల్లా రికార్డు భవనాల్లో దాచారు. కాబట్టి నూరేళ్ల నాటి కారుకూ కాగితం దొరుకుతున్నది. మన రవాణా కార్యాలయాల్లోని చేతిరాత పుస్తకాలను ఫొటో తీయించి భద్రపరచడం అంత ఖర్చయ్యే పనేమీ కాదు. చెదలు ఎవరి కోసమూ ఆగవు.

'ఆర్‌సీ మేము ఇప్పిస్తాం' అనేవారితో జాగ్రత్త

నంబరు దొరక్క విసిగిన యజమాని దగ్గరకు ఎవరో ఒకరు వస్తారు. "నీ కారుకు సరిపోయే ఆర్‌సీ నా దగ్గర వుంది సామీ" అంటారు. తుక్కుకు పోయిన మరో అంబాసిడర్ కాగితాలు అవి. దాని ఛాసిస్ నంబరును మన కారు మీద కొట్టి, మన నంబరును అరగదీస్తారు. ఫొటోలో బాగుంటుంది. కానీ ఆ క్షణం నుంచి అది దొంగ కారు లాంటిదే. ఆ తుక్కు బండి మీద పాత కేసు వుండవచ్చు, అప్పు వుండవచ్చు, యజమాని ఎక్కడో బ్రతికి వుండవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట చూసేది ఆ అంకెలనే. నంబరు చెరపడం నేరం. అన్నిటికంటె మించి, జేజినాయన కారు అని లక్షలు పోసి బాగు చేసి, చివరకు దాన్ని వేరొకరి కారుగా మార్చుకోవడం ఏం న్యాయం?

మద్రాసు నంబరు బండ్లవారు ఒక సంగతి గమనించాలి. మన వ్యాపారస్తులకు మద్రాసుతో రాకపోకలు ఎక్కువ. అక్కడ పాత కార్లు కొని, ఆ నంబరుతోనే ఇక్కడ నడిపినవారున్నారు. ఒక రాష్ట్రపు బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి వుంటే అక్కడ కొత్త నంబరు వేయించుకోవాలని చట్టం 47వ సెక్షను చెబుతున్నది. ఆ పని చేయనివారి రికార్డు ఇప్పటికీ తమిళనాడులోనే వుంటుంది. అక్కడినుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, తెచ్చుకోవలసి వుంటుంది. అలాంటివారు ప్రొద్దుటూరు, కడప కార్యాలయాల చుట్టూ తిరిగేకంటె, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు, ఫొటో, నంబరు రాసిన కాగితం వెంటబెట్టుకుని నేరుగా ఆ బండి మొదట రిజిస్టరయిన కార్యాలయానికే పోవాలి.